పెర్ల్ కనుమ దాకా

డెబ్భై ఎనిమిదో సంవత్సరం ఆగస్టులో, గన్నిసన్ ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన సాయంత్రమే మా అమ్మ అటక మీది పెట్టెలు దింపమంది.

నాన్న వంటింటి కిటికీ పక్కన కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాడు. ఒక బూటు విప్పాక ఆగాడు. రెండోదానికి ఊపిరి కూడగట్టుకోవాలి. ఆ ఆగడం మాకు కొత్త కాదు. మా కొండ ఊరు క్రెస్టెడ్ బ్యూట్‌లో బొగ్గు గనిలో పనిచేసిన వాళ్ళందరూ ఏదో ఒక మెట్టు మీద అలా ఆగేవాళ్ళే. కొత్తదల్లా డాక్టరు మాట. ఇంత ఎత్తులో ఈయన ఇంకో చలికాలం గట్టెక్కడు, కిందికి తీసుకుపొమ్మన్నాడు.

కిందికి అంటే ప్వెబ్లో. అమ్మ చెల్లెలు అక్కడ ఉక్కు ఫ్యాక్టరీ వెనక పేటలో ఉంటుంది.

"ఇన్నాళ్ళూ మసి మింగింది చాలలేదా పావ్లా? ఇప్పుడు పొగ మింగమంటావా?" అన్నాడు నాన్న.

"అక్కడ పొగతో పాటు గాలి కూడా ఉంటుంది. ఇక్కడ అదే లేదు," అంది అమ్మ. "సెప్టెంబరు ఆఖరుకి బయల్దేరతాం. టిల్కా, అలా గుడ్లప్పగించి చూస్తావేంటే, ఎక్కు."

నిచ్చెన వేసుకుని ఎక్కాను. పెట్టెల వెనక, పాత పరుపు కింద, సైకిల్ కనిపించింది. లావాటి టైర్లు, ఎర్ర రంగు పోయి తుప్పు మిగిలిన చట్రం. పెడల్ వెనక్కి తొక్కితే ఆగే రకం. అది అమ్మది. పెళ్ళయిన కొత్తలో మాలా స్లోవేనియా నుంచి వచ్చినవాళ్ళ సంఘం పెట్టిన లాటరీలో నాన్నకి తగిలిందట. నాన్నకి తొక్కడం రాదు, అమ్మే తొక్కేది. గనిలో కప్పు కూలిందని కూత మోగిన రోజున గౌను మోకాళ్ళ పైకి దోపుకుని దాని మీదే గని మూతి దాకా పోయిందని నాన్నతో గనిలో పనిచేసిన ష్టెఫాన్ బాబాయి చెప్పేవాడు. నాన్న ఆ రోజు నడుచుకుంటూ బయటికొచ్చాడు. అమ్మ మాత్రం మళ్ళీ ఆ సైకిలెక్కలేదు.

"దీన్ని కూడా దింపనా?"

అమ్మ తల పైకెత్తింది. "ఎవరిక్కావాలది?"

"నాక్కావాలి."

"ఆ జులపాలోళ్ళతో తిరగడానికా?"

నేను సైకిలుని నిచ్చెన దాకా ఈడ్చాను.

"తీసుకో. నా గోడకి మాత్రం ఆనించకు," అని పెట్టె మూత దులపడం మొదలుపెట్టింది.

జులపాల వాళ్ళంటే, గని మూతపడి ఖాళీ అయిన ఇళ్ళల్లోకి తూర్పు నగరాల నుంచి వచ్చి చేరిన కుర్రాళ్ళు. కొందరు వడ్రంగం చేసేవాళ్ళు. అడవి అంటుకుంటే ఆర్పడానికి పోయేవాళ్ళు కొందరు. మిగతా వేళంతా అందరూ బార్లో ఉండేవాళ్ళు. నేను ఆ బార్లోనే వంట చేసేదాన్ని. మా వీధుల గుంతలకి కార్లు నిలవక, వాళ్ళు పాత సామాన్ల దుకాణాల నుంచి ఇలాంటి లావు టైర్ల సైకిళ్ళే ఏరుకొచ్చి ఊళ్ళో తిరిగేవాళ్ళు. తర్వాత జీపుల బాటల వెంట కొండలెక్కించడం మొదలుపెట్టారు. రెండేళ్ళ కిందట, కొండకి అవతలున్న ఆస్పెన్ నుంచి డబ్బున్న పిల్లలు మోటార్‌సైకిళ్ళ మీద పెర్ల్ కనుమ దాటొచ్చి, మా బార్ ముందు వరసగా నిలబెట్టి గొప్పలు పోయారు. మావాళ్ళకి రోషమొచ్చింది. మోటారు లేకుండానే వచ్చి మీ పెద్ద హోటల్ ముందు నిలబెడతాం చూడండి అన్నారు. అన్నట్టే పోయారు. తొక్కింది తక్కువ, నెట్టిందీ మోసిందీ ఎక్కువ. అయినా పోయారు. ఆ కబురు ఎలా పాకిందో గాని, ఈసారి కాలిఫోర్నియా నుంచి కూడా మనుషులు వస్తున్నారని ఆ వారమే ఫోనొచ్చింది.

ఆ జులపాల వాళ్ళకి పెద్దలాంటివాడు డ్వైట్. ఎర్ర గడ్డం, ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కున్న ముక్కు. పోస్టాఫీసు ముందు బల్ల మీద నాన్న, ష్టెఫాన్ బాబాయి ఎండకి కూర్చుని ఉంటే వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. వాళ్ళతో నేనూ కనుమెక్కాలని, అప్పుడే అమ్మ సైకిలుకి కొత్త గొలుసు వేయించుకుని అటు వస్తున్నాను.

"యెర్నెయ్ గారూ, మీ పికప్ బండి కాస్త కావాలండి," అన్నాడు నాన్నతో. "మాది ఇంజను పోయింది. దుప్పట్లు, తిండి, బీరు కనుమ మీదికి చేరెయ్యాలి."

"సైకిళ్ళని మీరు మోస్తారు. మీ బీరుని మా బండి మొయ్యాలి," అన్నాడు ష్టెఫాన్ బాబాయి. "మరి ఆ సైకిలు దేన్ని మోస్తుందిరా?"

"మా పరువుని బాబాయ్. అదొక్కటే బరువు తక్కువ."

బాబాయి తొడ చరుచుకుని నవ్వాడు. నాన్న నవ్వలేదు.

"బండి పైదాకా ఎక్కుద్దా?" అన్నాడు.

"జీపులెక్కుతున్నాయండి. మీదీ ఎక్కుద్ది, మెల్లగా పోతే."

"ఎవడు తోల్తాడు?"

"నేనో, మావాళ్ళలో ఇంకొకడో."

"ఇంకొకడి కాలు పడితే నా క్లచ్ ఊరుకోదు. నేనే తోల్తాను."

బాబాయి నవ్వు ఆపేశాడు. "మతి పోయిందా యెర్నెయ్? ఈ పోస్టాఫీసు మెట్లెక్కలేక ఇక్కడ కూర్చున్నావ్."

"మెట్లయితే నేనెక్కాలి. కనుమ బండెక్కుద్ది," అన్నాడు నాన్న.

ఆ మాట నాకంటే ముందే ఇంటికి చేరింది. మా ఊళ్ళో అంతే. నేను వెళ్ళేసరికి అమ్మ బల్ల మీద రొట్టె పిండి పిసుకుతోంది. పిసకడం కాదు, కొడుతోంది. నాన్న గుమ్మంలోనే నిలబడి టోపీ చేత్తో పట్టుకున్నాడు.

"ముప్ఫై ఏళ్ళు ఈ కొండల కడుపులో తిరిగాను పావ్లా. నెత్తి మీద ఏముందో ఒక్కసారి చూడొద్దా?"

"చూసి?"

"చూసొస్తాను."

"డాక్టరు కిందికి పొమ్మన్నాడు. నువ్వు పైకి పోతానంటావ్. ఉన్న నాలుగు ఊపిర్లూ అక్కడ పారబోసొచ్చి నాకు ఖాళీ గూడు తెచ్చిస్తావా?"

"ప్వెబ్లోలో దాచుకుని ఏం చేస్కుంటాం చెప్పు."

"నాతో కూర్చుంటావ్," అంది అమ్మ. చేతులు పిండిలోనే ఆగిపోయాయి. "చీకట్లో పోయి చీకట్లో వచ్చేవాడివి. గని మూశాక రోడ్డు పనన్నావ్. తర్వాత మంచు ఊడ్చే బండన్నావ్. నేను గోడలతో కూర్చున్నా. ఇన్నాళ్ళకి ఈ మనిషి ఎక్కడికీ పోలేడు కదా, ఇంక నాతో కూర్చుంటాడులే అనుకున్నా. తప్పుగా అనుకున్నా."

నాన్న ఏదో అనబోయాడు. దగ్గొచ్చింది. అది తగ్గేలోపు అమ్మ పిండి మీద బట్ట కప్పి, చేతులు కూడా తుడుచుకోకుండా పెరట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు నన్ను బావి పంపు దగ్గర పట్టుకుంది. "నువ్వు పోనని చెప్పవే. నువ్వు పోకపోతే ఆయనా మానుకుంటాడు."

"నా మాట వింటాడంటావా?"

"చెప్పి చూడు."

చెప్పాను. నేను రావట్లేదు నాన్నా, మనసు మారింది అన్నాను. ఆయన బండి కింద పడుకుని నట్లు బిగిస్తున్నాడు, కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. "మీ అమ్మ పంపిందా?" అన్నాడు. తర్వాత కాసేపు ఊపిరి చప్పుడు. "సైకిలు తొక్కకపోతే నా పక్కన కూర్చో. కానీ అంత కష్టపడి బాగుచేసుకున్నావ్. తొక్కితేనే బావుంటుంది."

కాలిఫోర్నియా వాళ్ళు సెప్టెంబరులో ఒక వ్యాన్లో దిగారు. వాళ్ళ సైకిళ్ళు దింపుతుంటే బార్ ముందున్న మావాళ్ళ మాటలాగిపోయాయి. టైర్లు మా వాటిలాగే లావు. కానీ వెనక చక్రానికి పళ్ళచక్రాల దొంతర, హ్యాండిల్‌కి మోటార్‌సైకిలు బ్రేకులు, సన్నని తీగలు. ఒకదానికి చట్రం కూడా పాతది కాదు, దీనికోసమనే కొత్తగా అతికించి చేసింది. ఆ సైకిలు తాలూకు మనిషి పేరు కెంట్. మాట్లాడుతూనే బట్టతో దాన్ని తుడుస్తున్నాడు.

నాన్న ఆ చట్రం అతుకుల మీద బొటనవేలు పెట్టి రాశాడు. "ఇది కొండలెక్కడానికేనా చేశారు?"

"ఎక్కడానికీ, దిగడానికీనండి. మా ఊళ్ళో కొండ మీంచి దిగే పందేలు పెడతాం. కింద ఒకడు గడియారం పట్టుకుంటాడు. వందల మంది చూడ్డానికొస్తారు."

"దిగడానికి పందెమా!" నాన్నకి నిజంగానే అంతుపట్టలేదు. "మేమూ రోజూ దిగేవాళ్ళం గదా. ఎవడూ చప్పట్లు కొట్టలా."

కెంట్ నవ్వాలో వద్దో తెలీక డ్వైట్ వంక చూశాడు. డ్వైట్ సీసా ఎత్తి, "మేం తాగడానికి పోతాం పెద్దాయనా, వీళ్ళు గెలవడానికి పోతారు. తేడా అంతే," అన్నాడు. అన్నాడే గాని, ఆ మధ్యాహ్నమంతా కెంట్ సైకిలు పక్కనే గొంతుక్కూర్చుని పళ్ళచక్రాలు తిప్పి చూస్తూనే ఉన్నాడు. ఇంక తమ ఆట తమ చేతుల్లో ఉండదని అతనికి అప్పుడే తెలిసిందనుకుంటాను.

బయల్దేరిన పొద్దున అమ్మ ఇంట్లో లేదు. ఆదివారం కాకపోయినా చర్చికి వెళ్ళింది. పొయ్యి మీద కాఫీ ఉంది, ఒక్క కప్పే పెట్టి ఉంది బల్ల మీద. అది నాదో నాన్నదో మాకు అర్థం కాలేదు. చెరిసగం తాగాం. ఆస్పత్రి వాళ్ళిచ్చిన ఆకుపచ్చ ఆక్సిజన్ సిలిండరు నాన్న తనే మోసుకొచ్చాడు. సీటు వెనక పెట్టి కదలకుండా నా కోటు కుక్కాడు.

వాగు వెంట పైకి పోయే బాట మొదట బాగానే ఉంది. తర్వాత వాగే బాటయింది. సైకిళ్ళు భుజాన వేసుకుని మోకాళ్ళ లోతు మంచు నీళ్ళలో దాటాం. నా సైకిలుకి ఒకటే వేగం, అది మనిషి నడక కంటే తక్కువ. దిగి నెట్టాను. ఎక్కి తొక్కాను. మళ్ళీ దిగాను. గొంతులో రక్తం రుచి తగిలింది. నాన్న బండి ముందు పోయి ప్రతి మలుపు దగ్గరా ఆగి ఉండేది. కిటికీలోంచి మోచేయి బయటపెట్టి మమ్మల్ని ఒక్కొక్కళ్ళనీ పలకరించేవాడు.

"ఏం పిల్లా, మీ అమ్మయితే ఈపాటికి ఆస్పెన్‌లో కాఫీ తాగుతుండేది!"

"మరి పిలుచుకు రావల్సింది!" అన్నాను రొప్పుతూ.

"పిలిచాను," అన్నాడు. అదొక్కటే అని గేరు మార్చాడు.

పొద్దు వాలే వేళకి చెట్లు ఇంక మొలవని హద్దు దగ్గర మజిలీ చేశాం. మాంసం కాల్చారు. పొగ పడదని నాన్న బండి అద్దాలెక్కించుకుని లోపలే కూర్చున్నాడు. ఒకడి తర్వాత ఒకడు పళ్ళెంతోనో సీసాతోనో పోయి, తలుపు తీసుకుని పక్కన కూర్చుని వచ్చేవాళ్ళు. కెంట్ చాలాసేపున్నాడు. తిరిగొచ్చి నాతో, "మీ నాన్నగారు గనిలో కంచరగాడిదల పేర్లన్నీ చెప్పారు. ఒక్కటి కూడా మర్చిపోలేదు," అన్నాడు. నాకు ఒక్క పేరూ తెలియదు. మా ఇంట్లో ఆయనెప్పుడూ చెప్పలేదు. మేం అడగనూ లేదు.

తెల్లారేసరికి అద్దం మీద మంచు పేరుకుంది. నాన్న కూర్చునే నిద్రపోయాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. లేచి సిలిండరు గొట్టం ముక్కుకి పెట్టుకుని ఉంటే నేనూ డ్వైటూ చెరో పక్కా నిలబడ్డాం.

"వెనక్కి పోదాం నాన్నా."

"నేను దించుతాను పెద్దాయనా," అన్నాడు డ్వైట్. "వీళ్ళు పోతారు. నేను ఇదివరకు చూసిందేగా."

నాన్న గొట్టం తీశాడు. "నువ్వు చూశావు. అదేగా నేనంటున్నది," అన్నాడు. "తాళంచెవి మీంచి చెయ్యి తియ్యి."

ఆ చివరి దారి రాళ్ళు తప్ప ఏమీ కాదు. ఎవరూ తొక్కలేదు, కాలిఫోర్నియా వాళ్ళు కూడా కాసేపు ప్రయత్నించి దిగిపోయారు. నెట్టుకుంటూ పోయాం. బండి చక్రం రాయి మీంచి జారినప్పుడల్లా వెనకున్న మేమంతా ఆగిపోయి చూసేవాళ్ళం. అది మళ్ళీ మూలిగి కదిలేది. ఆకాశం ఆ రోజు బూడిద రంగులో ఉంది, ఎండ లేదు. పైకి చేరగానే గాలి మొహం మీద కొట్టింది. కుర్రాళ్ళు సైకిళ్ళు రెండు చేతులా ఎత్తి కేకలు పెట్టారు. ఎవడో సీసా మూత పీకాడు. నురగ గాలికి ఎగిరిపోయింది.

నాన్న తలుపు తీసి దిగడానికి చాలాసేపు పట్టింది. ఆయన చెయ్యి పట్టుకున్నాను. బరువు లేదు. ముందు అవతలి వైపు చూశాడు, ఆస్పెన్ వైపు. అటూ శిఖరాలే, ఒకదాని వెనక ఒకటి, కంటికందినంత మేరా.

"ఇటూ కొండలేనా?" అన్నాడు.

"అవును నాన్నా."

ఇవతలికి తిరిగాడు. టోపీ ఎగిరిపోకుండా పట్టుకుని, మేం వచ్చిన లోయ వెంట చూపు నడిపించుకుంటూ పోయాడు. "మనదేది?"

నేను చూశాను. ఎత్తు శిఖరాలన్నీ తెలుసు, వాటి పేర్లూ తెలుసు. మా గని ఉన్న కొండ మాత్రం ఎక్కడా దొరకలేదు. చెయ్యెత్తి సగంలో దించేశాను. డ్వైట్ వెనకనుంచి వచ్చి నాన్న భుజం పక్కగా చెయ్యి చాపాడు. మా ఊరొచ్చి మూడేళ్ళయిన మనిషి.

"అదుగోనండి. ఆ పెద్దదానికి కుడివైపు, దూరంగా, నల్లగా గీతలా లేదూ? అది."

"ఆ గుట్టా?"

"అదే."

నాన్న దాని వంక చూస్తూ నిలబడ్డాడు. గాలికి కళ్ళు నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు. వెనక అందరూ ఫోటో కోసం వరసగా నిలబడుతూ మమ్మల్ని పిలుస్తున్నారు.

"లోపల చాలా పెద్దది," అన్నాడు నాన్న.

డ్వైట్ తల ఊపాడు.

"పదండి, చలేస్తోంది," అని తనే ముందు బండి వైపు తిరిగాడు.

దిగుడంతా నాకు వాసనగానే గుర్తుంది. పెడల్ వెనక్కి తొక్కీ తొక్కీ చక్రం ఇరుసులో జిడ్డు మండి పొగొచ్చేది. మావాళ్ళు మలుపుకొకసారి ఆగి ఇరుసులకి నీళ్ళు పోసుకున్నారు. కాలిఫోర్నియా వాళ్ళు ఆగలేదు. రాళ్ళ మీంచి ఎగురుకుంటూ, అరుచుకుంటూ, చూస్తుండగానే చుక్కలైపోయారు. డ్వైట్ ఇరుసు మీద నీళ్ళు పోస్తూ, "వచ్చే ఏడు మనకీ అలాంటివి ఉండాలి," అన్నాడు. ఆస్పెన్‌లో పెద్ద హోటల్ ముందు సైకిళ్ళు నిలబెట్టి అందరూ లోపలికెళ్ళారు. నేను వెళ్ళలేదు. నాన్న స్టీరింగ్ మీద తల వాల్చి ఉన్నాడు. ఇంటికి తారు రోడ్డు మీద చుట్టూ తిరిగి డ్వైటే తోలుకొచ్చాడు. నాన్న అడ్డు చెప్పలేదు. దారి పొడుగునా డ్వైట్ కాలు క్లచ్ మీద పడినప్పుడల్లా నాకు ఏడుపొచ్చింది.

అమ్మ తలుపు తీసింది. నాన్న మొహం చూసింది. డ్వైట్‌ని పక్కకి జరగమని, తనే నాన్న చంక కింద చెయ్యి వేసి లోపలికి తీసుకుపోయింది. ఎలా ఉంది, ఏం చూశావు అని అడగలేదు. ఆ రోజే కాదు, తర్వాత కూడా అడగలేదు. ఆయన మంచం దిగలేదు. చెట్ల ఆకులు రాలిపోయి, తొలి మంచు పడ్డాక ష్టెఫాన్ బాబాయి తన కారు వెనక సీటు మీద పరుపు పరిచి ఇద్దర్నీ ప్వెబ్లో తీసుకుపోయాడు. ఇల్లు ఒక దారికి తెచ్చాక వస్తానని నేను ఉండిపోయాను. కారు కదిలేటప్పుడు నాన్న కిటికీలోంచి చెయ్యి ఊపబోయి, అమ్మ వంక చూసి, ఆ చెయ్యి అమ్మ చేతి మీద పెట్టాడు. అమ్మ ఎదురుగా రోడ్డునే చూస్తోంది. చెయ్యి మాత్రం తియ్యలేదు.

జనవరిలో పోయాడు. ఫ్యాక్టరీ పొగతో మంచు బూడిదరంగయిన ఊళ్ళో పాతిపెట్టాం. అక్కడి డాక్టరు నన్ను పక్కకి పిలిచి, ఆ ఊపిరితిత్తులతో కనుమెక్కినా ఎక్కకపోయినా తేడా ఉండేది కాదమ్మా అన్నాడు. ఆ మాట అమ్మకి చెప్పాను.

"ఆయనకేం తెలుసు?" అంది అమ్మ. పిన్ని వాళ్ళ వంటింట్లో, వచ్చినవాళ్ళు తాగి వెళ్ళిన కప్పులు కడుగుతోంది. కడుగుతూనే, వెనక్కి తిరక్కుండా, "పైన ఏమన్నాడు?" అంది.

చెప్పాను. అటూ కొండలేనా అన్నది, మనదేదని అడిగింది, లోపల చాలా పెద్దదన్నది, అంతా.

"నా గురించి?"

కుళాయి పారుతోంది. ఏదో ఒక మాట అల్లి చెప్పొచ్చు. ఆవిడ దానికోసమే అడిగిందో, నన్ను పరీక్షించడానికి అడిగిందో ఈనాటికీ తెలీదు.

"ఏమీ అనలేదమ్మా."

"ఊఁ," అంది. ఇంకో కప్పు తీసుకుంది.

తర్వాతి సెప్టెంబరుకి మా వీధిలో సైకిలు ఆనించడానికి ఖాళీ గోడ లేదు. ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో వచ్చారు. పత్రికల వాళ్ళు, కెమెరాల వాళ్ళు. సగం మంది సైకిళ్ళు షాపుల్లో కొన్నవే, కెంట్ సైకిలు లాంటివే. ఈ ఆటకి పేరు కూడా వచ్చేసింది. డ్వైట్ తాగడం తగ్గించి, సైకిళ్ళు బాగుచేసే పని పెట్టుకుందామని చూస్తున్నాడు. మా పెరట్లో బొగ్గులు దాచుకునే కొట్టు ఖాళీగా ఉంది కదా, అద్దెకిస్తారేమో మీ అమ్మగారినడుగు అన్నాడు.

నేను వెళ్ళి అడిగే పని లేకుండా అమ్మే వచ్చింది. తన సామాన్లు తీసుకుపోవడానికి, సైకిళ్ళ యాత్రకి ముందు రోజు, బస్సులో. ఇల్లు నువ్వే ఉంచుకో, నేనింక రాను అంది. వీధిలోంచి నడిచొచ్చేటప్పుడు ఆ జనాన్ని చూసింది కాబోలు.

"ఇంతమందికీ అక్కడేం పనే?"

"పనేం లేదమ్మా. పోయొస్తారు, అంతే."

"ఊరికే."

"ఊరికే."

కొట్టు సంగతి చెప్పాను. విందో లేదో తెలీలేదు. రేపు మాతో బండిలో పైదాకా రాకూడదా అమ్మా అని కూడా అడిగాను. నా మొహంలోకి చూసింది. కోపం లేదు. కోపముంటే బాగుండేది.

"నాకెందుకే," అంది.

నేను పోయాను. పోకుండా ఉండాల్సిందేమో, కానీ పోయాను. ఇంటికి తిరిగొచ్చేసరికి అమ్మ లేదు. ఆ రోజు పొద్దున బస్సుకే వెళ్ళిపోయిందని పక్కింటావిడ చెప్పింది. లోపల అమ్మ పెట్టె లేదు, గోడ మీది మేరీమాత పటం లేదు. మిగతాదంతా ఉన్నచోటే ఉంది. పెరట్లోకి వెళ్ళాను. డ్వైట్ పనిముట్ల సంచీ చేత్తో పట్టుకుని కొట్టు బయట నిలబడి ఉన్నాడు.

తలుపు బార్లా తీసి ఉంది. లోపల చెక్కలన్నీ, గోడలూ నేలా, అందినంత ఎత్తు దాకా తోమి కడిగి ఉన్నాయి. ఏళ్ళ తరబడి పేరుకున్న మసి కింద చెక్కకి ఆ రంగుందని నాకు అంతకుముందు తెలియదు. అరిగిపోయిన బ్రష్షు గడప పక్కన బోర్లించి ఉంది. నల్లటి నీళ్ళు పెరడంతా పారి, వీధి వైపు చిన్న కాలవ కట్టాయి.

"మనం బయల్దేరే ముందు రాత్రి వచ్చి, కడగడానికి సాయం చేస్తానన్నాను," అన్నాడు డ్వైట్. "అవసరం లేదన్నారు."

"ఇంకేమన్నా అందా?"

లేదన్నట్టు తలూపాడు. సంచీ దించబోయి, తడి నేల చూసి, మళ్ళీ భుజానికి తగిలించుకున్నాడు.

"ఆరనిద్దాం," అన్నాడు.

ఇద్దరం లోపల అడుగుపెట్టకుండా అక్కడే నిలబడ్డాం.